గొంతు నొప్పి – గుండెకు ముప్పు

"చల్లనివి తిన్నాడండీ, గొంతు పట్టేసింది" అంటూ తల్లులు పిల్లల్ని ఆసుపత్రికి తీసుకువస్తూ వుంటారు. గొంతు నొప్పికి అసలు కారణం చాలావరకు సూక్ష్మజీవులు. వాటిలోనూ ఎక్కువసార్లు వైరస్‌లు. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం, కళ్ళు ఎర్రబడడం వుంటే అది మామూలు జలుబే అనుకోవచ్చు. సాధారణంగా వారం రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దానికి పెన్సిలిన్ వాడినా ఉపయోగం లేదు.

జాగ్రత్తపడవలసింది స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పి విషయంలో. ఇది ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు వస్తుంది. పొద్దున ఆడుకున్న పిల్లవాడు సాయంత్రానికి జ్వరంతో పడుకుంటాడు. గుటక వేయాలంటే నొప్పి. కొందరికి తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు. దగ్గు, జలుబు మాత్రం సాధారణంగా వుండవు.

పిల్లవాడిని వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిచి "ఆ" అనమనండి. టాన్సిల్స్ వాచి ఎర్రగా వుంటాయి. వాటిపై తెల్లని మచ్చలు కనిపించవచ్చు. దవడ కింద బిళ్ళలు కట్టి, తాకితే నొప్పి పెడతాయి. ఇలా వుంటే డాక్టరుకు చూపించండి. పైకి చూసి ఖాయంగా చెప్పడం మాకూ కష్టమే. అవసరమైతే గొంతులోని స్రావాన్ని దూదిపుల్లతో తీసి పరీక్ష చేయిస్తాము.

నిర్లక్ష్యం చేస్తే కొందరు పిల్లలకు రెండు మూడు వారాల తరువాత రుమాటిక్ జ్వరం రావచ్చు. మోకాళ్ళు, చీలమండలు, మోచేతులు ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పెడతాయి. ఆ నొప్పులు తగ్గిపోతాయి. గుండె కవాటాలు దెబ్బతింటే మాత్రం ఆ బాధ జీవితాంతం వుండిపోవచ్చు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల లోపల తగిన మందు మొదలుపెడితే ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించవచ్చు.

పెన్సిలిన్ మాత్రలు సాధారణంగా 10 రోజులు వాడాలి. మూడోనాటికి జ్వరం తగ్గిందని మానేయకండి. మిగిల్చి తమ్ముడికి వేయకండి. పాత చీటీ చూపి మందుల షాపులో కొనకండి. పెన్సిలిన్ పడని పిల్లవాడైతే డాక్టరుకు ముందే చెప్పండి. మందు మొదలుపెట్టి ఒక రోజు పూర్తయ్యేవరకు, జ్వరం తగ్గేవరకు బడికి పంపకండి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే నొప్పికి ఉపశమనం కలుగుతుంది, కాని అది మందుకు బదులు కాదు.

నోరు తెరవలేకపోయినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా, గొంతులో బూడిదరంగు పొర కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.