కిరాయి యిండ్లు - యజమానుల బాధ్యత

2022 జూలై మాసమున ముమ్మరముగ గురిసిన వానలకు వరంగల్లు మండీబజారులో నొక పాత కట్టడము కూలి యిద్దరు ప్రాణములు గోల్పోయిరి. ఏటేట వానకాలము వచ్చినతోడనే మన నగరములోని పాతయిండ్ల గోడలు నానుచున్నవి. వానిలో దలదాచుకొను కిరాయిదారుల గుండెలు వడకుచున్నవి. కప్పు విఱిగి మీద బడిననాడు బాధ్యత యెవ్వరిదని వారడుగు ప్రశ్నకు సూటియైన ప్రత్యుత్తరము గావలసియున్నది.

చట్టము చెప్పునది స్వల్పము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, తా నెఱిగియుండి కిరాయిదారున కగపడని లోపమును యజమాని ముందే తెలుపవలెను. తాను చేయవలసిన మరమ్మతును నోటీసు పిమ్మటను జేయకున్నచో, కిరాయిదారే చేయించుకొని యా వ్యయమును వడ్డీతో గూడ కిరాయిలో మినహాయించుకొనవచ్చును. కాని కంటికి గనబడు బీట మాట యేమి? “చూచియే చేరితివి గదా” యని యజమాని తప్పించుకొనజూచును. పేదవాడు చూడక చేరలేదు. వేఱు గతిలేక చేరెను.

ఢిల్లీ చాందినీచౌకులోని గడియార స్తంభము 1951లో కూలి జనులు మరణింపగా, 1966లో సుప్రీముకోర్టు అచ్చటి నగరపాలక సంస్థనే బాధ్యురాలిని జేసెను. లోపము గుప్తమైనదైనను రహదారి ప్రక్క కట్టడపు యజమాని తప్పించుకొనరాదనెను. వీథిన బోవువానికి గల యీ రక్షణ, కిరాయి చెల్లించి లోపల నివసించువానికి శాసనమున స్పష్టముగ లేకుండుట న్యాయమా? ఇంగ్లండులో 1906లో శిథిలమైన నేల విఱిగి గాయపడిన కిరాయిదారుని భార్యకు, ఒడంబడికలో నామె భాగస్వామిని గాదను కారణమున ప్రభువుల సభ పరిహారము నిరాకరించెను. ఆ దేశమే తరువాత దాని దిద్దుకొని, 1972 శాసనముతో యజమాని బాధ్యతను ఒడంబడిక వెలుపలివారికిని విస్తరించెను.

యజమానుల మొఱయు వినదగినదే. కొన్ని యిండ్ల కిరాయి సున్నము వేయించుటకైనను జాలదు. ఖాళీ చేయుమన్నను గొందఱు కదలరు. ఐనను మరమ్మతు సేయింపలేనివాడు ప్రమాదమును కిరాయి కీయరాదు.

నిర్లక్ష్యమువలన మరణము సంభవించినచో 2023 భారతీయ న్యాయ సంహిత అయిదేండ్లవఱకు చెఱ విధించుచున్నది. కాని కాలు విఱిగి కూలి పోగొట్టుకొన్నవానికి యజమాని చెఱ యన్నము పెట్టదు, పరిహారమే పెట్టును. 2021లో కేంద్రము వెలువరించిన మాదిరి అద్దె చట్టము కట్టడపు మరమ్మతుల భారమును యజమానిపై నుంచినది; రాష్ట్రములు గైకొన్నగాని యది ఫలింపదు. మన శాసనసభ దానికి గాయపడినవారి పరిహారమును జేర్చవలెననియు, శిథిల గృహములకు నగరపాలక సంస్థ యిచ్చు నోటీసు కిరాయిదారునకును తెలుగున నందవలెననియు మేము కోరుచున్నాము. మఱియొక గోడ కూలకముందే యీ పని జరుగునుగాక!