రేచీకటికి జన్యు చికిత్స: ముందుగా అడగవలసిన ప్రశ్న

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజులలో, పొద్దుగుంకితే తడుముకుంటూ నడిచే ఒక బాలుడిని అతని తల్లి తీసుకువచ్చింది. రేచీకటి అనగానే అప్పట్లో నాకు తోచింది విటమిన్ ఎ లోపమొక్కటే. మందు ఇచ్చి, ఆకుకూరలు పెట్టమని చెప్పి పంపాను. తల్లిదండ్రులది మేనరికమా అని అడగలేదు. కొన్నేళ్ళకు అతని చూపు గొట్టంలోంచి చూస్తున్నట్లు కుంచించుకుపోయింది. అది రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య వ్యాధి.

ఈ వ్యాధికి కారణమయ్యే జన్యువులు అనేకం. వాటిలో ఆర్‌పిఇ65 ఒకటి. వెలుగు సోకి రూపం మారిన విటమిన్ ఎ ను కన్ను మళ్ళీ వాడుకోగల రూపానికి తెచ్చే ఎంజైము ఈ జన్యువు వలననే తయారవుతుంది. అది చెడితే ఎంత విటమిన్ తిన్నా ప్రయోజనం ఉండదు. లోపం సరుకులో కాదు, వంటింటిలో ఉన్నదన్నమాట.

అమెరికాలో 2017 డిసెంబరులో అనుమతి పొందిన లక్స్‌టర్నా ఈ ఒక్క జన్యులోపానికే పనికివస్తుంది. హాని చేయని వైరస్‌లో సరైన జన్యువును ఉంచి, శస్త్రచికిత్స ద్వారా రెటీనా కిందకు ఎక్కిస్తారు. ఒక్కొక్క కంటికి ఒక్కసారే. అయితే రెటీనా కణాలు ఇంకా సజీవంగా ఉండాలి. నశించినవాటిని అది బ్రతికించలేదు. ప్రకటించిన ధర రెండు కళ్ళకు 8,50,000 డాలర్లు.

"డాక్టరుగారూ, జన్యు చికిత్స వచ్చిందట కదా, పొలం అమ్మైనా చేయిస్తాం" అని అడిగేవారున్నారు. పొలం సంగతి తరువాత, చెడినది ఏ జన్యువో ముందు తేల్చుకోండి అంటాను. అది తెలియకుండానే మూలకణాల ఇంజెక్షన్ ఇస్తామనేవారి గడప తొక్కవద్దు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతకు ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో కొవ్వు నుండి తీసిన మూలకణాలను కళ్ళలోకి ఎక్కించగా, ముగ్గురు స్త్రీలకు చూపు తీవ్రంగా దెబ్బతిన్నదని 2017లోనే వైద్య పత్రికలో వెలువడింది.

నా అభిప్రాయంలో ప్రభుత్వాన్ని మనం మొదట కోరవలసినది కోట్ల ఖరీదు చేసే మందు కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఇటువంటి రోగుల రక్త నమూనాలను జన్యు పరీక్షకు పంపే ఏర్పాటు, వచ్చిన ఫలితాన్ని ఇంటివారికి తెలుగులో విడమరచి చెప్పే మనిషి ఉండాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపాన్ని పైకి కనబడకుండా మోస్తుంటే, ప్రతి కానుపులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 4లో 1 వంతు. మేనరికాలలో ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

ఆ బాలునికి ఒక చెల్లెలు ఉండేది. ఆమెను మేనమామకే ఇచ్చి చేశారని తరువాత విన్నాను. పెళ్ళికి ముందు ఆ ఇంటివారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.