వాడేది ఒకరు, ఎంచేది ఇంకొకరు

వానాకాలం వడ్లు అమ్ముడుపోయి ఖాతాలో పైసలు పడే రోజుల్లో మోతె మండలం ఊళ్ల నుంచి సూర్యాపేటకో, కోదాడకో, ఖమ్మానికో సామాన్లు కొనడానికి పోయేవాళ్లు పెరుగుతారు. షాపులో టీవీల ముందు, ఫోన్ల ముందు నిలబడి బేరమాడేది ఎక్కువగా మగవాళ్లే. ఫ్రిజ్ అయినా, వాషింగ్ మెషిన్ అయినా పద్ధతి పెద్దగా మారదు. వాడబోయే మనిషి రెండడుగులు వెనక నిలబడి రంగు బాగుందో లేదో చెబుతుంది. మిగతాదంతా ముందున్నవాళ్లు మాట్లాడుకుంటారు. ఒక వస్తువు మంచిచెడ్డలు దాన్ని రోజూ ముట్టుకునేవాళ్లకే బాగా తెలుస్తాయన్నది చాలా మామూలు సంగతి. ఆ మామూలు సంగతి మన ఇళ్లలోనూ, మన వాట్సాప్ గ్రూపుల్లోనూ, కొన్నాళ్లపాటు ప్రభుత్వం పన్ను వేసిన తీరులోనూ చెల్లలేదు.

ఒక ఇంట్లోకి ఏ యంత్రం ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది, ఏది ఇంకా రాలేదు అన్న వరుస చూస్తే ఆ ఇంట్లో ఎవరి కష్టాన్ని కష్టంగా లెక్కేశారో తెలిసిపోతుంది. సూర్యాపేట ప్రాంతపు రైతు ఇళ్లలో బోరు మోటారు స్టార్టర్ కథే తీసుకోండి. కరెంటు రెండు మూడు దఫాలుగా వచ్చిన కాలంలో అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పొలానికి పోవాల్సి వచ్చేది. పాములు కరిచాయి, తడి చేతులకు షాకులు కొట్టాయి. ఆ బాధ భరించలేకే ఆటో స్టార్టర్లు వచ్చాయి. అవి ఎంతగా పాకిపోయాయంటే, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు, భూగర్భ జలాలు అడుగంటుతాయన్న భయంతో వాటిని తీసేయమని ప్రభుత్వమే ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్ కాల్‌తో మోటారు ఆన్ అయ్యే స్టార్టర్లూ దొరుకుతున్నాయి. ఇదంతా మంచికే. కష్టం కనపడింది, దానికి మందు దొరికింది, డబ్బు పెట్టి కొన్నారు.

అదే ఇంటి పెరట్లో బట్టలుతికే బండ మాత్రం కదల్లేదు. వాషింగ్ మెషిన్ మాట ఎత్తితే వినపడే అభ్యంతరాలు అందరికీ తెలిసినవే: కరెంటు దండగ, బట్టలు చినుగుతాయి, కాలర్ల మురికి పోదు, ఇంట్ల ఉన్నోళ్లకు ఇంకేం పని. మొదటి మూడింటికీ జవాబులున్నాయి. నాలుగోదే అసలు అభ్యంతరం, మిగతావి దానికి తొడుగులు. మోటారు స్టార్టర్ కొనేటప్పుడు ‘పొలం కాడికి నడిచిపోతే ఏమాయె, రైతుకు ఇంకేం పని’ అని ఎవరూ అనలేదు కదా!

ఆ పని ఎంతో లెక్క కూడా ఉంది. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటి పనికి మహిళలు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పనులు చేసే మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. 2024లో మళ్లీ చేసిన సర్వేలో ఈ అంకెలు 289, 88కి వచ్చాయి. ఐదేళ్లలో మహిళలకు తగ్గింది పది నిమిషాలు. ఈ ఐదేళ్లలోనే మన చేతిలో ఫోన్లు ఎన్ని తరాలు మారాయో గుర్తు తెచ్చుకుంటే తేడా అర్థమవుతుంది.

ఈ వరుసను తప్పుపట్టాల్సింది ఇంటి పెద్దలను మాత్రమే కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సెల్‌ఫోన్ మీద పన్ను 12 శాతం. మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ల మీద 28 శాతం. విలాస వస్తువులను పెట్టిన శ్లాబులోనే పచ్చడి నూరే యంత్రాన్నీ కూర్చోబెట్టారు. ఏడాది తర్వాత, 2018 జూలైలో, వాటిని 18 శాతానికి దించారు. ఫోన్‌ను 2020లో అదే 18కి పెంచారు. అంటే రెండూ ఒక వరుసలోకి రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. తమిళనాడులో సంగతి వేరు. అక్కడ 2006లో ఇంటింటికీ కలర్ టీవీ ఇస్తామన్న పార్టీ గెలిచింది, 2011లో మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఇస్తామన్న పార్టీ గెలిచింది. ఉచితాల మీద ఎన్ని విమర్శలైనా ఉండొచ్చు. టీవీ నుంచి మిక్సీకి మారిన ఆ హామీలో మాత్రం వంటింట్లో ఉన్నది కూడా ఓటరేనన్న ఎరుక ఉంది.

‘ఆడవాళ్లకు మిషన్ల సంగతి ఏం తెలుస్తది’ అనేవాళ్లు ఒక్కసారి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రానికి పోయి చూడాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఈ కేంద్రాలను చాలాచోట్ల నడిపేది మహిళా సంఘాలే. కుప్పలోంచి పిడికెడు వడ్లు తీసి తేమ మీటర్లో పోసి, 17 శాతం దాటితే ఇంకో పూట ఎండబెట్టమని రైతుకు మొహం మీదే చెప్పేది సంఘం సభ్యురాలే. తూర్పార పట్టే యంత్రం, ఎలక్ట్రానిక్ కాంటా, ట్యాబ్‌లో ఎంట్రీ అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. మిర్యాలగూడ మిల్లుకు పోయే లారీలో ఎన్ని బస్తాలు ఎక్కాయో ఆమె పుస్తకంలో ఉంటుంది. ఊరి పంట మొత్తాన్ని తూకం వేసి రైతుల చేత ఒప్పించే మనిషి, ఇంటికొచ్చేసరికి ఆరు కిలోల మెషిన్ కావాలో ఏడు కిలోలది కావాలో చెప్పడానికి పనికిరాదంటే నమ్మేదెట్లా?

కొనేముందు అభిప్రాయాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్నది ఇంకో ప్రశ్న. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక యూట్యూబ్ రివ్యూలు చూడకుండా ఏదీ కొనడం లేదు. తెలుగులో రివ్యూలకు కొదవ లేదు. అయితే వాటిలో ఎక్కువ భాగం హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని చేసినవి. అక్కడ మిద్దె మీద ట్యాంకు, దాంట్లో ఎప్పుడూ నీళ్లు, గోడకు ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, ఫోన్ చేస్తే మర్నాడు వచ్చే మెకానిక్, అన్నీ ఉంటాయి. వాషింగ్ మెషిన్ మోతె దాకా వస్తే పరీక్ష పేపరే మారిపోతుంది. మిషన్ భగీరథ నల్లా తన వేళకు వచ్చి ఆగిపోతుంది. ట్యాంకు లేని ఇంట్లో ఫుల్లీ ఆటోమేటిక్ మెషిన్ నీళ్ల ఒత్తిడి చాలక మధ్యలో ఆగి కూర్చుంటుంది. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. ఎండాకాలం ఓల్టేజీ ఎగుడుదిగుడు సరేసరి. ఇక కోతుల గుంపు ఇంటి మీద పడిందంటే డిష్ వైరు, నల్లా పైపు ఏదీ మిగలదు.

షాపులో అబ్బాయి ‘అన్నా, ఏడున్నర కిలోలు, ఇన్వర్టర్ మోటార్, పదేండ్ల వారంటీ’ అని అప్పజెబుతుంటాడు. వెనక నిలబడ్డ ఆమె ‘నల్లా రాకపోతే బకెట్‌తోని నీళ్లు పోసినా నడుస్తదా తమ్మీ?’ అని ఒక్క మాట అడిగితే చాలు, బేరం తోవకొస్తుంది. అడిగితే తేలే సంగతి ఇది: ఆ ఇంటికి సరిపోయేది చవకగా దొరికే సెమీ ఆటోమేటిక్. పైపు పెట్టినా, బకెట్‌తో పోసినా తిరుగుతుంది. ఉతికే మోటారు అరగంట తిరిగితే కాలే కరెంటు పావు యూనిట్‌కు అటూ ఇటూ. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు బిల్లు సున్నా. ఆ గీత దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి కాబట్టి భయం ఉత్తది కాదు. కానీ రోజు విడిచి రోజు బట్టలేసినా నెలకు అయ్యేది నాలుగైదు యూనిట్లు. గీత దాటించే వస్తువులు ఇంట్లో వేరే ఉంటాయి: కూలర్, హీటర్, పాత ఫ్రిజ్.

ఇట్లాంటి అనుభవం ఊళ్లో లేక కాదు. ఏ కంపెనీ మిక్సీ జారు నెలకే కారింది, ఏ గ్రైండర్ రాయి అరిగింది, ఎవరు పిలిస్తే వస్తారు, ఎవరు ‘రేపొస్తా’ అని నెల తిప్పుతారు అన్నది ప్రతి వాడకట్టులోనూ ఆడవాళ్లకు కంఠతా వచ్చు. అది ఊరి వాట్సాప్ గ్రూపుకు ఎక్కడం లేదు, అంతే. ఇప్పుడు ఒక గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు, అంటే ఓ మోస్తరు పల్లెలో ఫోనున్న ప్రతి ఒక్కరినీ చేర్చుకోవచ్చు. ఆ చోటును లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీలు, పార్టీల పంచాయితీలు, పొద్దుటి పువ్వుల బొమ్మలు నింపేస్తున్నాయి. చావు కబుర్లు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన కబుర్లు మధ్యమధ్య పనికొస్తాయి. గ్రూపుల బలం తక్కువదేం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు తెలంగాణలో అమాయకుల మీద దాడులకు దారితీశాయి. అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, పాటలతో, డప్పులతో చెప్పించి, గ్రూపుల్లోనూ పోలీసులను చేర్పించి పుకార్లను ఆపగలిగారు. అబద్ధాన్ని అంత వేగంగా మోసే గ్రూపు, పనికొచ్చే మాటను మోయలేదా?

మోయాలంటే చెప్పగలిగేవాళ్లు అందులో ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో తాము వాడుకునే ఫోన్ ఉన్నవాళ్లు నూటికి 60 మంది. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు నూటికి 27 మందికి మించలేదు. కరోనా కాలంలో ఆన్‌లైన్ చదువుల పేరుతో ఇళ్లకు స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, కాబట్టి ఇప్పుడు ఆ సంఖ్య పెరిగే ఉంటుంది. అయినా ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, అది తన చేతిలో ఉండటం వేరు. పిల్లలు ఆడుకున్నాక, ఆయన పడుకున్నాక దొరికే ఫోన్‌తో ఊరి గ్రూపులో అభిప్రాయం రాసే తీరిక ఎవరికుంటుంది? రాసినా ‘గ్రూపుల ఆడోళ్లు మాట్లాడుడేంది’ అనే గొంతులు ఇంకా పోలేదు.

వాడేవాళ్ల మాట విన్నప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి పాత నల్లగొండ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పోచంపల్లి చీరలకు ఆసు పోసేది. ఒక్క చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. భుజం నొప్పితో ఇక చేయలేనని తల్లి అన్న మాటను కొడుకు పట్టించుకున్నాడు. ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన దేశపు మిక్సీ కథా ఇట్లాంటిదే. భార్య వాడుతున్న జర్మన్ మిక్సీ మన పప్పులు, మసాలాలు నూరలేక కాలిపోతే, సీమెన్స్ ఇంజినీరు సత్యప్రకాశ్ మాథుర్ 1963లో సుమీత్ మిక్సీకి పూనుకున్నాడు. ఈ రెండు యంత్రాలకూ మూలం వాడే మనిషి చేసిన ఫిర్యాదే.

యంత్రం వస్తే చాలు, కష్టం తీరుతుందా అని అడగొచ్చు. తీరదు. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకంలో చూపించింది ఇదే: యంత్రాలు వచ్చినకొద్దీ శుభ్రత మీద ఆశలు పెరిగాయి, బయటివాళ్లు చేసే పనులు కూడా ఇల్లాలి మీదికే వచ్చాయి. మన దగ్గర జరిగిందీ ఇంచుమించు అదే. ఒకప్పుడు ఊరి బట్టల బరువంతా రజక కుటుంబాల మీద వేశారు. ఆ కుటుంబాల పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి పోయారు, పోవాల్సిందే కూడా. ఆ పనిని ఇంట్లో అందరూ పంచుకోలేదు, మొత్తం తెచ్చి ఒకరి నెత్తిన పెట్టారు. అందుకే మెషిన్ కొన్న ఇంట్లో కూడా బట్టలు వేసేది, తీసేది, ఆరేసేది, మడత పెట్టేది ఒక్కరే అయితే మిగిలింది సగం లాభమే. బటన్ నొక్కడం మగపిల్లలకు రాదనడానికి లేదు. ఫోన్‌లో లేని సెట్టింగు కూడా వెతికి పట్టుకునే పిల్లలు వాళ్లు.

చేయాల్సిన పనులకు కొత్త పథకమేదీ అక్కర్లేదు. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు, అప్పు లెక్కలు ఎట్లాగూ చూస్తారు. అప్పు తీసుకుని వస్తువు కొనే సభ్యులూ ఉంటారు. ఆ సమావేశంలోనే ఏ వస్తువు ఎన్నాళ్లు నడిచింది, రిపేరుకు ఎంతైంది, సర్వీసు మనిషి ఎన్ని రోజులకు వచ్చాడు అన్నది ఒక పుస్తకంలో రాసుకుంటే, ఏడాది తిరిగేసరికి ఆ మండలానికి ఏ యూట్యూబ్ చానలూ ఇవ్వలేని రివ్యూ తయారవుతుంది. దాన్ని ఊరి గ్రూపులో పెట్టే బాధ్యత అడ్మిన్లు తీసుకోవాలి. సంఘాలకు గ్యాస్ అలవాటు చేసిన చరిత్ర కూడా ఉంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కనెక్షన్లు మహిళా సంఘాల సభ్యులకే ఇచ్చారు. వస్తువు చెడిపోయి షాపువాడు చేతులెత్తేస్తే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చన్న సంగతి, దానికి బిల్లు, వారంటీ కార్డు దాచుకోవాలన్న సంగతి కూడా ఆ సమావేశాల్లోనే చెప్పుకోవచ్చు. బిల్లు ఎవరు వాడతారో వాళ్ల పేరు మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

ఇంటి పెద్దలు చేయాల్సింది ఇంతకన్నా తేలిక. యాసంగి వడ్ల డబ్బు పడ్డాక ఏం కొందామని కూర్చున్నప్పుడు, కొనబోయే వస్తువు రేపట్నుంచి ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ల మాట ముందు అడగాలి. ‘ఆమెకు ఏదైనా ఒకటే’ అని తేల్చేయకుండా, వద్దంటే ఎందుకు వద్దో వినాలి. డబ్బు వడ్లదే కావచ్చు. ఆ వడ్లకు నాటు వేసిందీ, కలుపు తీసిందీ, కల్లంలో ఆరబోసిందీ ఎవరో మోతె రైతుకు వేరే చెప్పాల్సిన పని లేదు.