కోళ్లు నీ ఫోన్ చూడవు కొడుకా!

"ఏం దాణా తెచ్చినవ్ రా? ఉన్న గుడ్లు గూడ బంద్ పెట్టినయ్!"

ఫోన్ ఎత్తగానే మా బాపమ్మ అన్న మొదటి మాట. తిన్నవా అని లేదు, ఎట్లున్నవ్ అని లేదు. తప్పు నాదే మరి. వారం కిందట మల్యాలకు బస్తా మోసుకెళ్లి దించొచ్చింది నేనే.

మల్యాల అంటే కొండగట్టు అంజన్న ఉన్న మండలం, జగిత్యాల జిల్లా. మా బాపమ్మకు అక్కడ ఆరు పెట్టలున్నాయి. నాలుగు గ్రామప్రియ, రెండు అచ్చం నాటువి. పింఛన్ పైసలు గోలీలకే సరిపోతాయి. గుడ్లమ్మిన పైసలు మాత్రం ఆమె సొంతం. మనవరాలికి గాజులు కొన్నా, అంజన్న దగ్గరికి ఆటోలో పోయినా కొడుకుల ముందు చెయ్యి చాపదు. గుడ్లు తగ్గాయంటే ఆమెకు తగ్గేది ఆ ధైర్యమే.

అసలు కథ జాలీతో మొదలైంది. కుక్కలు ఒక కోడిని ఎత్తుకుపోయాక మా చిన్నాయిన పెరట్లో చుట్టూ జాలీ కట్టించాడు. బాపమ్మ ఎప్పట్లాగే పొద్దున నూకలు, సాయంత్రం మక్కలు వేసింది. నెల తిరిగేసరికి రోజుకు మూడు, నాలుగు గుడ్లొచ్చేవి కాస్తా ఒకటికి పడ్డాయి. అందులోనూ అప్పుడప్పుడు తోలుగుడ్డు. వేసే తిండి అదే కదా, మరి ఏమైంది?

మనం వేసేది కోడికి సగం తిండే. మిగతా సగం అది పెంటకుప్పలో, చెట్ల కింద వెతుక్కుంటుంది. పురుగులు, చెదలు, పచ్చగడ్డి, చిన్న చిన్న రాళ్లు. జాలీతో ఆ సగం పోయింది. నూకల్లో, మక్కల్లో ప్రొటీన్ సుమారు 8, 9 శాతమే. గుడ్లు పెట్టే కోడి దాణాలో 16 నుంచి 18 శాతం ఉండాలి.

ఇక పెంకు సంగతి. ఒక్క గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. 100 గ్రాముల మక్కల్లో దాంట్లో పదో వంతు కూడా దొరకదు. తిండిలో లేకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. అది ఎన్నాళ్లు? ముందు పెంకు పలచబడుతుంది, తర్వాత గుడ్డే ఆగిపోతుంది.

ఇంకో విషయం గమనించాను. నాటు పెట్టలు పెద్దగా తేడా చూపలేదు, దెబ్బ తిన్నవి గ్రామప్రియలే. నాటుకోడి ఏడాదికి 60, 80 గుడ్లు పెట్టి, మధ్యలో పొదుగు పడి విశ్రాంతి తీసుకుంటుంది. గ్రామప్రియ మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన జాతి. పెరట్లో పెంచినా ఏడాదికి 150 దాటి పెట్టగలదు. ఎక్కువ గుడ్లంటే ఎక్కువ తిండి. రెండింటికీ ఒకే గుప్పెడు వేస్తే ముందు అలిసిపోయేది అదే.

ఇదంతా ఫోన్‌లో చదివేసి, లేయర్ దాణా కొనేశాను. నూకలు, మక్కలు ఒక్కరోజులో బంద్ చేయించాను. అక్కడే బోల్తా కొట్టాను. గింజలు ఏరుకుతినే అలవాటున్న కోళ్లకు ఆ పొడి తిండిలాగే కనబడలేదు. ముక్కుతో కెలికి వదిలేశాయి. గుడ్డులో పచ్చసొన పెరగడానికే 8 నుంచి 10 రోజులు పడుతుంది. అంటే నాలుగు రోజులు కడుపు మాడితే దాని దెబ్బ తర్వాత రెండు వారాలు కనిపిస్తుంది.

"మంగళారం బేరగాడొస్తడు, అమ్మేస్త" అంది బాపమ్మ.

"మూడు వారాలాగు బాపమ్మా, నేనే వస్తున్నా" అన్నాను.

"నువ్వు ఫోన్ల జూసి జెప్తవు. కోళ్లు నీ ఫోన్ చూడవు కొడుకా!"

శనివారం బస్సెక్కి వెళ్లాను. ఈసారి ఆమె చెప్పినట్టు మొదలుపెట్టాం. మొదటి మూడు రోజులు పాత తిండి మూడొంతులు, కొత్త దాణా ఒక వంతు. తర్వాత సగం సగం. పది రోజులకు కొత్తదే ఎక్కువ. పొడి దాణాను కొన్ని నీళ్లు చల్లి తడిపాం. తడిపింది గంటలో అయిపోయేంతే వెయ్యాలి, మిగిలితే బూజు పడుతుంది. ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులు వేరే చిప్పలో సాయంత్రం పెట్టాం. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూటే కాబట్టి అప్పుడు తింటే అక్కరకొస్తుంది. పొద్దుగూకే ముందు ఒక గంట బాపమ్మ కట్టె పట్టుకుని కాపలా ఉంటే, కోళ్లు జాలీ బయట తిరిగాయి.

మీ ఇంట్లోనూ కోళ్లుంటే రెండు జాగ్రత్తలు. లేయర్ దాణా పిల్లలకు పెట్టొద్దు, అంత కాల్షియం వాటి కిడ్నీలను పాడుచేస్తుంది. వానకు తడిసి బూజు పట్టిన మక్కలు "కోళ్లకే కదా" అని వెయ్యొద్దు, ఆ బూజులో విషం ఉంటుంది. ఇంకోటి, చలికాలం పగలు తగ్గినా, ఈకలు రాల్చే కాలమైనా గుడ్లు తగ్గడం మామూలే. అప్పుడు దాణాను తిట్టి లాభం లేదు.

మూడో వారం చివర్లో వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. చిన్నాయిన కూతురు తీసి పంపింది. బాపమ్మ కొంగులో మూడు గుడ్లు. కింద వాయిస్ మెసేజ్: "బేరగానికి లేవని చెప్పిన. బస్తా అయిపోవచ్చింది, ఇంకోటి పట్టుకరా. పైసలు నేనిస్త."

ఆ ఆఖరి మాట నాలుగుసార్లు విన్నాను.