వేంకన్నకు స్వామి ఉన్నాడు, గుమాస్తాకు ఎవరున్నారు?

మంత్రాలయం వచ్చే యాత్రికులలో చాలామందికి వేంకన్న కథ తెలుసు. పశువులు కాచుకొనే నిరక్షరాస్యుడు. ఆదవాని నవాబు దారిలో ఎదురై, తనకందిన లేఖ చదవమన్నాడు. రాదంటే కత్తి దూశాడు. వేంకన్న రాఘవేంద్రస్వామిని తలచుకొన్నాడు, చదివేశాడు, దివాను అయ్యాడు. స్వామి బృందావన ప్రవేశం 1671లో జరిగింది. అంతకుముందు ఈ మంచాల గ్రామం మఠానికి దక్కడానికి ఆ దివానే సాయపడ్డాడని ప్రతీతి.

కథ భక్తులది. అందులోని కష్టం మాత్రం నేటికీ ఉన్నది. పని నేర్పకుండా కాగితం చేతికిచ్చి, చేయలేకపోతే దండించడం మన కార్యాలయాలలో మామూలే.

పూర్వం పల్లె లెక్క కరణానిది. కొడుకు తండ్రి ప్రక్కన కూర్చొని కవిలె వ్రాయడం నేర్చుకొనేవాడు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. న్యాయమైన పనే, పుట్టుకను బట్టి పదవి రాకూడదు. అయితే పదవితో పాటు ఆ శిష్యరికమూ పోయింది. దాని చోటులోకి మరొకటి రాలేదు.

2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వెలిశాయి. లక్షమందికి పైగా యువతీయువకులు పరీక్ష వ్రాసి ఉద్యోగాలలో చేరారు. నా వద్ద చదువుకొన్న అమ్మాయి ఒకతె అలా చేరింది. మొదటి నెలలోనే నా దగ్గరకు వచ్చి, "అయ్యవారూ, అర్జీదారుకు జవాబు ఎట్లా వ్రాయాల?" అని అడిగింది. ఆమెకు తెలివి తక్కువ కాదు. నేర్పినవారు లేరు.

ఈ లోపం ఎవరికి తగులుతుందో చూడండి. మా వీధిలోని ఒక ముసలమ్మకు ఒక కార్యాలయం నుండి "నిబంధనల మేరకు పరిశీలించబడలేదు" అని ఒక్క వాక్యపు ఉత్తరం వచ్చింది. ఏ నిబంధన? ఏ కాగితం తక్కువైంది? అందులో లేదు. అది తెలుసుకోవడానికి ఆమె మూడుసార్లు తిరిగింది, మూడు రోజుల కూలి పోగొట్టుకొన్నది. "మీ భర్త మరణ ధ్రువపత్రం జతపరచలేదు" అని నాలుగు మాటలు చేర్చి ఉంటే ఒక్కసారితో పోయేది. 1966లోనే తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. అర్థమయ్యే తెలుగు వ్రాయడం మాత్రం చట్టంతో రాదు, అభ్యాసంతో వస్తుంది.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపే శాఖాపరమైన పరీక్షలు ఉన్నవి కదా అంటారు. అవి నియమాలు తెలుసునో లేదో చెబుతాయి. దస్త్రం మీద వ్యాఖ్య వ్రాయడం, కోపంతో వచ్చినవానికి నచ్చచెప్పడం వాటితో రావు. చెన్నపట్నంలో కుంపిణీవారు 1812లో సెయింట్ జార్జి కోట కళాశాలను స్థాపించి, తమ కుర్ర ఉద్యోగులకు ముందుగా దేశభాషలు నేర్పించారు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర అక్కడ చదువుకొన్నవాడే. పన్నులు రాబట్టుకోవడానికి వచ్చినవారికి ఉన్నపాటి జాగ్రత్త మన ప్రజల సేవకు లేకపోతే ఎట్లా?

ప్రభుత్వ శిక్షణా సంస్థలు ఉన్నవి, వాటి పని అవి చేయాలి. నా మాట ఉద్యోగ సంఘాలతో. జీతభత్యాల కోసం అవి పోరాడాయి, పోరాడాలి కూడా. 2013లో రెండు నెలలకు పైగా సమ్మె నడపగలిగిన సంఘటిత శక్తి అది. అయితే సభ్యత్వం కట్టిన కొత్త గుమాస్తాకు డైరీ, క్యాలెండరు మాత్రమే అందితే సరిపోతుందా? ఇంగ్లండులో 1915లోనే మొదలైన కార్యాలయ నిర్వహణ వృత్తి సంస్థ ఒకటి సభ్యులకు శిక్షణా పరీక్షలూ సమకూర్చింది. గుమాస్తా పని కూడా ఒక విద్యేనని గుర్తించడం అది.

మన సంఘాలకు అంత ఖర్చు అక్కరలేదు. ప్రతి చోటా విశ్రాంత సూపరింటెండెంట్లు ఉన్నారు. నలభై ఏళ్ల దస్త్రాల జ్ఞానం వారితోనే అరుగులమీద కరిగిపోతున్నది. నెలకొక ఆదివారం సంఘభవనంలో వారిని కూర్చోబెట్టండి. పది పాత అర్జీలు తీసి, పేర్లు చెరిపి, వాటికి జవాబులు వ్రాయించండి. వ్రాసినవాటిని గట్టిగా చదివించండి. ముసలమ్మకు అర్థమైతే మంచి ఉత్తరం, కాకపోతే తిరగవ్రాయాలి. మా పంతుళ్లను పిలిస్తే మేమూ వస్తాం, వాక్యం సరిదిద్దడానికి.

పని తెలిసిన ఉద్యోగి అడిగే జీతానికి ప్రజలే సాక్ష్యం చెబుతారు. సంఘానికి అంతకు మించిన బలం ఏమున్నది?