స్థానికమూ కాదు, ఆతిథేయీ కాదు

అనువాదప్రియులైన మిత్రులు కోపగించుకొన్నా సరే, ఈ టపా వ్రాయక తప్పడం లేదు. కంప్యూటరు పాఠాలను తెనిగించేవారు కొందరు ‘లోకల్‌హోస్ట్’ను ‘స్థానిక ఆతిథేయి’ అంటున్నారు. ముప్పైయేళ్ళు తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి, కొత్త తెలుగు పదం కనబడితే మురిసిపోవలసినవాణ్ణి. దీనిని చూచి మాత్రం మురియలేకపోతున్నాను.

మా బయ్యారంలో నావద్ద చదువుకొన్న కుర్రవాడొకడు తన కంప్యూటరులో ఒక వెబ్‌సైటు తయారుచేసి, చూడమని నాకు లంకె పంపాడు. లంకె మొదట్లోనే లోకల్‌హోస్ట్ అని ఉంది. నొక్కితే నా తెరపై ఏమీ రాలేదు. అడిగితే, “స్థానికం అని చదివిన సార్, మన ఊళ్ళె అందరికి కనబడ్తదనుకున్న” అన్నాడు. వాడిని తప్పుపట్టగలమా? స్థానిక ఎన్నికలు, స్థానిక సంస్థలు, స్థానిక వార్తలు... తెలుగులో స్థానికమంటే ఆ ఊరిదనే కదా! పదం పెట్టినవారు వాడిని మోసగించారు.

ఇక ఆతిథేయి. 1989 నాటి ఆర్ఎఫ్‌సీ 1122 అనే ప్రమాణపత్రంలో హోస్టులకు విధించిన నియమాలు చూడండి. అక్కడ హోస్ట్ అంటే నెట్‌వర్కుకు తగిలించి మనం వాడుకొనే మామూలు కంప్యూటరే. దానింటికి అతిథులు రానక్కరలేదు, అది ఎవరికీ విస్తరి వేయనక్కరలేదు.

అసలు కీలకం వ్యాకరణంలో ఉంది. ‘బయ్యారం చెరువు’ అని నేనన్నా, అమెరికాలో ఉన్న మా ఊరివారన్నా చెరువు ఒక్కటే. ‘మా ఇల్లు’ అంటే మాత్రం ఎవరి నోట వారి ఇల్లు. మామూలు వెబ్ చిరునామా మొదటి తరగతిది, లోకల్‌హోస్ట్ రెండవ తరగతిది. అది సర్వనామం, అందునా ఉత్తమ పురుష. కుర్రవాడి యంత్రంలో అది వాడి యంత్రాన్ని చెప్పింది, నా యంత్రంలో నా యంత్రాన్నే చెప్పింది. నా యంత్రంలో వాడి వెబ్‌సైటు లేదు గనుక ఏమీ రాలేదు.

ఈ పేరుకు అర్థం ఊరిబయట వెదకనక్కరలేదు. కంప్యూటరులోనే ‘హోస్ట్స్’ అనే చిన్న ఫైలు ఉంటుంది. 127.0.0.1 పక్కన లోకల్‌హోస్ట్ అని అందులో వ్రాసి ఉండడం ఆనవాయితీ. (1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించక ముందు, నెట్‌వర్కు మొత్తానికీ ఇటువంటి పేర్లపట్టికే ఆధారం. అందరూ దాని ప్రతిని దించుకొనేవారు.) ఆ చిరునామాకు పంపినది తీగ ఎక్కదు, గాలిలోకి పోదు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే వెనుకకు తిరిగి వస్తుంది. 127తో మొదలయ్యే చిరునామాలేవీ యంత్రం గడప దాటరాదని పై పత్రంలోనే శాసనం. అవి మొత్తం 1,67,77,216! ఒక్క ‘నేను’కు ఇన్ని అంకెలు కేటాయించిన దుబారా తెలిసివచ్చిందేమో, ఐపీవీ6లో ఒక్కటితో సరిపెట్టారు.

“అయితే మీరే ఒక పదం చెప్పండి” అంటారు. నేను చెప్పను. లోకల్‌హోస్ట్‌ను లోకల్‌హోస్ట్‌గానే ఉంచి, పక్కన ‘ఈ యంత్రమే’ అని వివరణ వ్రాయమంటాను. ధూమశకటాన్ని చూసి నవ్విన మనమే రైలును రైలుగా ఉంచుకోలేదా? అంతకంటె మేలైనది మీకు తడితే తప్పక తెలుపండి. ముందు మా కుర్రవాడికి చదివి వినిపిస్తాను. విన్న తరువాత కూడా వాడు నాకు అదే లంకె పంపితే మీ పదం మీకే తిప్పి పంపుతాను.