స్టీరియోస్కోపునకు కటకము లెట్టివి?

మన పాఠశాలలో ఛాయాచిత్రములయం దభిరుచి గల బాలురు కొందఱు ఈ సంవత్సరము విజ్ఞాన ప్రదర్శనమునకై స్టీరియోస్కోపు నొకదానిని స్వహస్తములతో నిర్మించిరి. పెట్టె చక్కగా నమరినది. చిత్రములును బాగుగనే యున్నవి. చెఱువుగట్టు మీది మఱ్ఱిచెట్టు నొకసారి తీసి, కెమెరాను ఆఱున్నర సెంటీమీటర్లు ప్రక్కకు జరిపి మరల తీసిన జంట యది. అయినను చూచినవారెల్లరు రెండు నిమిషములకే కన్నులు నులుముకొనుచు తొలగిపోయిరి. “ఇందులో లోతెక్కడ నున్నది?” అని యొక పెద్దమనిషి యడుగగా బాలురు చిన్నబోయి, చిత్రములను పాఱవైచి క్రొత్తవి తీయ నుద్యుక్తులైరి. తప్పు చిత్రములది కాదు, కటకములదని నా యభిప్రాయము.

వారు కొన్నవి 45 మిల్లీమీటర్ల నాభ్యంతరము గలవి. 2014లో గూగుల్ సంస్థవారు వెలువరించిన అట్టపెట్టె దర్శినితో నిట్టి కటకములు మిక్కిలి వ్యాప్తిలోనికి వచ్చినవి. అవి చేతిఫోను తెరకు తగినవే కాని, కాగితముపై నచ్చొత్తిన బొమ్మకు తగవు. బొమ్మ యెంత పెద్దదిగా కనబడిన నంత మేలని బాలురు తలంచిరి. పొరపాటంతయు నచ్చటనే యున్నది.

కెమెరా కటకపు నాభ్యంతరమును, చిత్రమును ముద్రించునపు డెన్ని రెట్లు పెంచితిమో యా సంఖ్యచే గుణింపవలెను. వచ్చినదే దర్శినికి తగిన నాభ్యంతరము. 50 మిల్లీమీటర్ల కెమెరాతో తీసి మూడు రెట్లు పెంచిన బొమ్మకు 150 మిల్లీమీటర్లు కావలెను. అప్పుడు చెట్టు చెంత నిలిచినవాని కంటికి వస్తువు లే కోణమున గోచరించునో, బొమ్మయందును ఆ కోణముననే గోచరించును. నాభ్యంతరము తక్కువైనచో బొమ్మ పెరుగును గాని లోతు తఱుగును. కొమ్మలు తోలుబొమ్మలవలె నొకదాని వెనుక నొకటి పలుచని పొరలై నిలుచును. ఎక్కువైనచో దృశ్యము వెనుకకు సాగినట్లగును.

ఇంకొక చిక్కు గలదు. మన కనుపాపల నడిమి దూరము సగటున 63 మిల్లీమీటర్లు; బాలురకు అంతకన్న తక్కువ. వీరి బొమ్మల మధ్యబిందువుల దూరమో, 75. 1838లో వీట్‌స్టను దొర యద్దములతో దర్శినిని చేసెను. 1849లో బ్రూస్టరు ఒక పెద్ద కటకమును రెండు ముక్కలుగా కోసి, పలుచని యంచులు ముక్కు వైపునకు వచ్చునట్లమర్చెను. అట్టి ముక్క కటకముగాను పట్టకముగాను గూడ పని చేసి, దూరదూరముగా నున్న బొమ్మలను దగ్గఱకు చేర్చును. ఉపాయ మెంత సులభమో చూడుడు! కోయ నవసరము లేకయే, వెడల్పైన కటకములను కొంచె మెడముగా నమర్చి వాని లోపలి భాగముల గుండ చూచినను చాలును.

వర్ణదోషము లేని జంటగాజు కటకములే కొనవలెనని నా మిత్రులొకరు వాదింతురు. క్రౌను గాజును ఫ్లింటు గాజును జతపఱచి చేయు నట్టివి మేలైనవే, కాదనను. కాని విద్యార్థుల చేతిలోని రూకలు కొన్నియే. అంచున సన్నని రంగుచార కనబడిన కన్ను సహించును. రెండు కటకములును సమానములు కాకున్న మాత్రము సహింపదు: ఒక కంటికి పెద్ద చెట్టు, వేఱొక కంటికి చిన్న చెట్టు చూపినచో మెదడు వానిని కలుపలేక తలనొప్పి కలుగును. కావున ధనమును మొదట సమానత్వమునకు వెచ్చింపవలెను. దూరపు చెట్టు ప్రతిబింబమును కిటికీ కెదురుగోడపై పడునట్లు చేసి, గోడకును కటకమునకును గల దూరమును కొలిచిన నాభ్యంతరము తెలియును. సూర్యునితో మాత్రము పరీక్షింపరాదు. కాగితము కాలును, కన్ను పోవును.

కడకు బాలురు కళ్లజోళ్ల యంగడికి పోయి, యొకే రకపు +6.50 కటకములు రెండు కొనితెచ్చిరి. వేయిని ఆఱున్నరచే భాగించిన 154 మిల్లీమీటర్లు. మనకు కావలసినదానికి మిక్కిలి చేరువ. పెట్టెను పొడిగించి, అవే చిత్రములను మరల నుంచిరి. ముందు ప్రశ్నించిన పెద్దమనిషియే వచ్చి చాలసేపు చూచి, ఊడల వెనుక నొక మేకపిల్ల యున్నదే యనెను. చిత్రము తీసిన బాలునికి నంతవఱకు అది తెలియదు.